రన్మా, రుద్రమ, చెంబుడు నీళ్ళు

"అక్కా, ఒక్క ఎపిసోడ్ చూడు. నచ్చకపోతే మళ్ళా జన్మల అడగ."

దసరా సెలవులకి వరంగల్ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ కొడుకు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి అన్న మాట ఇది. వాడు ఇంజనీరింగు మూడో ఏడు. సబ్జెక్టుల సంగతి దేవుడెరుగు కానీ, జపాను యానిమేషన్ సీరియళ్ళ మీద మాత్రం పీహెచ్‌డీ చేస్తున్నాడు. నా కార్టూన్ల పరిజ్ఞానం టామ్ అండ్ జెర్రీ దగ్గరే ఆగిపోయింది. వారమంతా ఆఫీసులో స్క్రీను చూసీ చూసీ, సెలవుల్లో కూడా స్క్రీనేనా అని గొణుక్కుంటూనే మొదలుపెట్టాను. తీరా చూస్తే రాత్రి రెండయింది. అమ్మ లేచొచ్చి ఇద్దర్నీ తిట్టేదాకా ఆపలేదు :)

ఆ సీరియల్ పేరు "రన్మా 1/2". అవును, పేరులోనే సగం ఉంది. రుమికో తకహాషి అనే ఆవిడ 1987 నుంచి 1996 దాకా ఒక జపాను వారపత్రికలో బొమ్మల కథగా వేసింది. పుస్తకాలుగా వస్తే 38 సంపుటాలయింది. 1989లో టీవీకెక్కి 1992 దాకా 161 ఎపిసోడ్లు నడిచింది. 2024 అక్టోబరులో దాన్నే కొత్తగా మళ్ళీ తీయడం మొదలుపెట్టి నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. మావాడు నాకు చూపించింది ఈ కొత్తది. ఇందులో నాకు నచ్చిన విశేషం ఒకటి చెప్పాలి. 1989లో మగ రన్మాకి గొంతిచ్చిన కప్పే యమగుచి, ఆడ రన్మాకి గొంతిచ్చిన మెగుమి హయషిబరా, ఇద్దరూ 35 ఏళ్ళ తర్వాత మళ్ళీ అవే పాత్రలకి గొంతిచ్చారు. పదహారేళ్ళ కుర్రాడి గొంతు అన్నేళ్ళ తర్వాత ఎలా పట్టుకొచ్చాడో మహానుభావుడు!

కథ సింపుల్. (సింపుల్ అంటే వినడానికే.) రన్మా అనే కుర్రాడు, వాడి తండ్రి గెన్మా కుస్తీలు నేర్చుకుంటూ ఊళ్ళు పట్టి తిరుగుతూ చైనాలో ఒక చోటికి వెళ్తారు. అక్కడ వందకి పైగా నీటి గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మునిగి చచ్చిపోయారు. ఇప్పుడు ఎవరు ఏ గుంటలో పడితే ఆ చచ్చిపోయిన ప్రాణి రూపం వస్తుంది. తండ్రి పాండా మునిగిన గుంటలో పడతాడు. కొడుకు ఆడపిల్ల మునిగిన గుంటలో పడతాడు. అప్పట్నుంచీ చన్నీళ్ళు పడితే రన్మా అమ్మాయి, వేణ్ణీళ్ళు పడితే మళ్ళీ అబ్బాయి. వాన పడినా, ఎవరైనా చెంబుడు నీళ్ళు పోసినా, కాలు జారి కాలువలో పడినా అమ్మాయే. ఆ తర్వాత పంది పిల్లగా మారేవాడొకడు, పిల్లిగా మారే పిల్లొకతి, బాతుగా మారే ఇంకొకడు... ఇంటినిండా వేణ్ణీళ్ళ కెటిల్ పట్టుకుని పరిగెత్తే జనమే.

నవ్వు మాత్రం గ్యారంటీ. తన్నులాటలు కూడా భలే ఉంటాయి, ఎవరూ ఎక్కడా ఆగరు. కానీ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా. ఇది ఎనభైల్లో మగపిల్లల పత్రిక కోసం రాసిన కథ. స్నానాల గది జోకులు, బట్టల్లేని జోకులు చాలానే ఉన్నాయి. కొన్నిచోట్ల నాకు చిరాకేసింది. చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే కార్టూనైతే కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. శరీరం మారినా రన్మా మారడు. జపాను భాషలో "నేను" అనడానికి బోలెడు మాటలున్నాయట. మగవాళ్ళు దర్జాగా వాడేది "ఒరె". (మన ఒరే కాదు లెండి, కానీ తమాషాగా లేదూ?) రన్మా ఆడపిల్లగా మారినప్పుడు కూడా "ఒరె" అనే అంటాడు. నీళ్ళు శరీరాన్ని మార్చగలిగాయి కానీ "నేను" అన్న మాటని మార్చలేకపోయాయి.

రెండో ఎపిసోడ్ మధ్యలో మావాడు అన్నాడు - "రన్మా, రన్మా అంటుంటే మన రుద్రమ లెక్కనే వినపడ్తలేదా అక్కా?"

పడుకో పోరా అన్నాను. కానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. మేం కూర్చున్న చోటికి రుద్రమదేవి కోట ఎంతో దూరం లేదు మరి. వరంగల్ స్టేషను దిగి, అండర్ బ్రిడ్జి దాటి, శివనగర్ మీదుగా పోతే వచ్చేస్తుంది.

రుద్రమ సంగతికి ముందు నీళ్ళ సంగతి ఒకటి. మునిగితే ఆడ, మళ్ళీ మునిగితే మగ అనేది జపాను వాళ్ళ సొత్తేం కాదు. కాకినాడ పక్కన సర్పవరంలో భావనారాయణ స్వామి గుడి ఉంది. అక్కడి స్థలపురాణం అచ్చం ఇదే. విష్ణుమాయని జయించానని గొప్పలు పోయిన నారదుడు కొలనులో మునిగి ఆడదై లేస్తాడు. పెళ్ళి చేసుకుంటాడు (చేసుకుంటుంది?), అరవై మంది కొడుకుల్ని కంటాడు. చివరికి ఇంకో కొలనులో మునిగి మళ్ళీ నారదుడవుతాడు. ఆ రెండు కొలనులకీ నారద గుండం, ముక్తికా గుండం అని పేర్లు. ఆ అరవై మంది కొడుకుల పేర్లేమిటో తెలుసా? ప్రభవ, విభవ, శుక్ల... మన అరవై సంవత్సరాలే! అంటే ప్రతి ఉగాదికి పంచాంగం వినేటప్పుడు మనం వింటున్నది, తల్లి అయిన ఒక మగాడి పిల్లల పేర్లన్నమాట. తకహాషి గారికి ఈ కథ తెలిస్తే ఇంకో 38 సంపుటాలు వేసేదేమో.

మన సినిమాల్లోనూ ఈ సరదా తక్కువేం కాదు. ఈవీవీ గారి "జంబలకిడిపంబ" గుర్తుంది కదా. ఊళ్ళో మగాళ్ళంతా ఆడాళ్ళలా, ఆడాళ్ళంతా మగాళ్ళలా మారిపోతే థియేటర్లు పగలబడి నవ్వాయి. "చిత్రం భళారే విచిత్రం"లో నరేష్ చీర కట్టాడు. అంతకు ముందు నుంచీ కూచిపూడి భామాకలాపంలో సత్యభామ మగాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వేస్తే మగాడంటే నమ్మేవాళ్ళు కాదని పెద్దవాళ్ళు చెప్తారు. మగాడు ఆడదైతే మనకి నవ్వో, కళో అవుతుంది. మరి ఆడది మగాడైతే? అక్కడే రుద్రమ వస్తుంది.

రన్మా కథ అసలు ఎందుకు మొదలవుతుందో చూడండి. శాపం వల్ల కాదు, వారసత్వం వల్ల. టెండో అనే ఆయనకి కుస్తీ నేర్పే వ్యాయామశాల ఒకటుంది. మగపిల్లల్లేరు. ముగ్గురూ ఆడపిల్లలే - కసుమి, నబికి, అకానే. పాత స్నేహితుడి కొడుకు రన్మాని అల్లుడిగా చేసుకుని వ్యాయామశాల అప్పజెప్పాలని ఆయన ప్లాను. ఇక్కడ తమాషా ఏంటంటే, చిన్న కూతురు అకానే తానే మంచి ఫైటరు. హైస్కూలు మగపిల్లలందర్నీ రోజూ పొద్దున్నే చితక్కొట్టి క్లాసుకెళ్తుంది. అయినా "ఈ పిల్లకే ఇచ్చేద్దాం" అని తండ్రికి ఒక్కసారీ తోచదు. అంతమంది రకరకాల జంతువులుగా మారే కథలో, కూతురు వారసురాలవడం అన్న వింత మాత్రం జరగదు!

ఇప్పుడు 1260 ప్రాంతపు ఓరుగల్లుకి రండి. గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కాడు. అరవై ఏళ్ళ పైన ఏలాడు. తెలుగునేలలో చాలా భాగాన్ని ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. రాజ్యం చేతికివ్వడానికి కొడుకు లేడు. కూతుళ్ళున్నారు. అచ్చం టెండో గారి సమస్య, కాకపోతే వ్యాయామశాల బదులు రాజ్యం.

అల్లుళ్ళు పనికిరాని వాళ్ళేం కాదు. రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. ఇంకో కూతురు గణపాంబని ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకిచ్చాడు. అల్లుడికి కట్టబెడితే లోకం "సరే" అనేది. గణపతిదేవుడు అది చెయ్యలేదు. కూతురికిచ్చాడు. మన చరిత్ర పాఠాల్లో ఈ వాక్యం ఒక్క లైనులో అయిపోతుంది - గణపతిదేవుని తర్వాత రుద్రమదేవి రాజ్యానికి వచ్చెను, రెండు మార్కులు. కానీ ఆగి ఆలోచిస్తే ఇది మామూలు లైను కాదు.

అయితే ఇచ్చినదానికి ఒక వెల ఉంది. ఆ వెల శాసనాల్లో కనపడుతుంది.

రుద్రమ కాలపు శాసనాలు చూస్తే ఎన్నో చోట్ల ఆవిడ పేరు రుద్రమదేవి అని ఉండదు. "రుద్రదేవ మహారాజు" అని ఉంటుంది. ఆవిడకి తాతల తరంలో నిజంగానే ఒక రుద్రదేవుడున్నాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన ఆయన, 1163 నాటి శాసనం ఆయనదే. మన భాషలో చెప్పాలంటే ఒకే యూజర్ నేమ్‌తో ఇద్దరున్నారు. ఎవరు ఎవరో తేల్చేది శక సంవత్సరం. అదే ప్రైమరీ కీ :)

మరి ఇది రహస్యమా? అంటే సినిమాలో చూపించినట్టు, పుట్టింది ఆడపిల్ల అని దాచి, మగపిల్లాడని లోకాన్ని నమ్మించారా? 2015లో గుణశేఖర్ తీసిన "రుద్రమదేవి"లో కథంతా ఆ రహస్యం మీదే నడుస్తుంది. అనుష్క గుర్రమెక్కితే మేం వరంగల్ థియేటర్లో ఈలలు వేసినవాళ్ళమే, కాదన్ను. కానీ గుంటూరు వైపు మల్కాపురం శాసనం చదివితే ఆ రహస్యం కాస్తా చెంబుడు చన్నీళ్ళు పోసినట్టు పోతుంది. అది 1261 నాటిది. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం ఊరు దానమిచ్చిన సందర్భంలో వేయించింది. ఆ ఆదాయంతో మఠం, సత్రం, బడి, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపారని ఆ రాయి చెప్తుంది. ప్రసూతిశాల! 1261లో! ఆ దానం ఇచ్చింది గణపతిదేవుని కూతురు రుద్రదేవి అని సంస్కృతంలో శుభ్రంగా ఉంది. దాపరికమేం లేదు.

అంటే సంగతేమిటి? అందరికీ తెలుసు. రాయి చెక్కినవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. అయినా సందర్భాన్ని బట్టి ఒక రాయి మీద కూతురు, ఇంకో రాయి మీద మహారాజు. చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు.

రన్మా విషయంలో శరీరం మారింది, "నేను" మారలేదు. రుద్రమ విషయంలో తిరగబడింది. మనిషి మనిషిలాగే ఉంది, చుట్టూ ఉన్నవాళ్ళు వాడే మాట మారింది.

దీని గురించి సింథియా టాల్బాట్ అనే చరిత్రకారిణి 1995లో ఒక వ్యాసం రాసింది. వెల్చేరు నారాయణరావు గారి గౌరవార్థం వేసిన వ్యాసాల సంకలనంలో ఉంది. రుద్రమని ఆవిడ "ఆడ రాజు" అంటుంది, రాణి అనదు. అది నాకు చటుక్కున అర్థమయింది. మనకి రాణి అంటే ఎవరు? రాజు భార్య. సింహాసనం పక్కన కూర్చునేది. మరి సింహాసనం మీద కూర్చున్న ఆడమనిషిని ఏమనాలి? మాట లేదు. ఉన్న ఉద్యోగం పేరు ఒక్కటే, "రాజు". ఆ ఉద్యోగం చెయ్యాలంటే ఆ పేరు తగిలించుకోవాల్సిందే.

పైగా మన తెలుగు వ్యాకరణం ఒకటి. "ఆయన వచ్చాడు", "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది". గమనించారా, ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ క్రియ ఒక్కటే! (నా మీద కోప్పడకండి, నన్నయ్యకి ముందు నుంచీ ఉన్న బగ్ ఇది.) కానీ గౌరవం ఇస్తే మాత్రం అందరూ "వచ్చారు". గౌరవవచనంలో ఆడా మగా తేడా మాయమైపోతుంది. "మహారాజులు రాజ్యం చేస్తున్నారు" అంటే ఆ మహారాజులు ఎవరో వ్యాకరణం చెప్పదు. తెలుగు రాయి మీద రుద్రమ మహారాజుగా ఇమిడిపోవడానికి భాష కూడా కొంచెం చోటిచ్చిందని నా అభిప్రాయం.

ఇంటివాళ్ళు మగపేరు పెడితే శత్రువులు ఊరుకుంటారా? దేవగిరి యాదవ రాజు మహాదేవుడు 1260ల్లో ఓరుగల్లు మీదికొచ్చాడు. మనవైపు కథేమో రుద్రమ అతన్ని దేవగిరి దాకా తరిమి, ధనం రాబట్టి వదిలిందని. వాళ్ళవైపు హేమాద్రి రాసినదేమో, మహాదేవుడు తెలుగు రాజు ఏనుగుల్ని పట్టుకున్నాడు, కానీ రుద్రమని ఆడది కదా అని చంపకుండా వదిలేశాడని! యుద్ధంలో గెలవలేకపోయిన ప్రతివాడూ చెప్పుకోదగ్గ సాకు ఇది. ఇంట్లో ఆవిడ మహారాజు. ఓడించలేని శత్రువుకి మాత్రం ఆవిడ ఆడది.

ఇక మూడోవాడు మార్కోపోలో. 1290ల్లో మన తీరాన్ని చూసి, మోటుపల్లిని ముత్ఫిలి అని రాసుకున్నాడు. అక్కడ వజ్రాల గురించి, సన్నటి బట్టల గురించి చెప్తూ, ఈ రాజ్యాన్ని ఒక వివేకవంతురాలైన రాణి ఏలిందని మెచ్చుకున్నాడు. రాజు చచ్చిపోయి నలభై ఏళ్ళయిందనీ, అప్పట్నుంచీ ఆయన భార్య ఏలుతోందనీ, మొగుడి మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ రాశాడు. నలభయ్యీ తప్పే, మొగుడూ తప్పే. గణపతిదేవుడు మొగుడు కాదు, నాన్న. ఆవిడ ఏలింది దాదాపు 27 ఏళ్ళు.

ఈ తప్పు ఎందుకొచ్చింది? నా అనుమానం ఇది. మొగుడు పోతే భార్య ఏలడం లోకానికి తెలిసిన సంగతే. రుద్రమ చెల్లెలో అక్కో, ఆ గణపాంబే భర్త పోయాక ధరణికోటని తన పేరుతోనే ఏలింది. ఆవిడకి మగపేరు అవసరం పడలేదు. భర్త సీట్లో భార్య కూర్చోవడం అర్థమవుతుంది, తాత్కాలికం అనుకుంటారు. కానీ నాన్న సీట్లో కూతురు కూర్చోవడం అంటే హక్కు. అది అర్థమయ్యే భాష అప్పుడు లేదు. అందుకే తెలుగు శిల్పి కూతుర్ని కొడుకుని చేశాడు, ఇటలీ వర్తకుడు నాన్నని మొగుణ్ణి చేశాడు. ఇద్దరూ ఒకే ఖాళీని చెరో మాటతో నింపారు.

ఇంత చేశాక చివరికేమయింది? రుద్రమకీ కొడుకుల్లేరు. టెండో గారిలాగే ముగ్గురు కూతుళ్ళు - ముమ్మడమ్మ, రుయ్యమ్మ, రుద్రమ. ఆవిడ ముమ్మడమ్మకి రాజ్యం ఇవ్వలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. నాన్న తెరిచిన తలుపుని కూతురే వేసేసింది. తప్పని అనను. చుట్టూ తిరుగుబాట్లు, అటు యాదవులు, ఇటు కాయస్థ అంబదేవుడు. ఇంకోసారి "ఈ మహారాజు కూడా ఆడమనిషే" అని సామంతులందర్నీ ఒప్పించే ఓపిక ఆవిడకి లేదేమో. కానీ అదే నన్ను పట్టుకుంది. రుద్రమ ఒక మినహాయింపుగా మిగిలిపోయింది, ఆనవాయితీ కాలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదంతా నాకెందుకు గుచ్చుకుందో మీకు తెలియదు.

మేం ఇద్దరం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని. మా బాపు నన్ను చిన్నప్పట్నుంచీ "ఏరా" అనే పిలుస్తాడు. స్కూటర్ నేర్పాడు, ఫ్యూజు వెయ్యడం నేర్పాడు. నాకు ఉద్యోగం వచ్చాక చుట్టాలందరికీ చెప్పే మాట ఒకటే - "నాకు కొడుకుల్లేరని ఎవరన్నరు? నా పెద్దబిడ్డే నాకు పెద్దకొడుకు." ఇంటి లోను నేనే కడుతున్నా. ఆ మాట విన్నప్పుడల్లా రెండంగుళాలు పొడుగైనట్టు ఉండేది. అబద్ధం చెప్పను.

పోయిన ఏడు మా దూరపు చుట్టం ఒకాయన పోయారు. ఆయనకీ ఇద్దరు కూతుళ్ళే. ఆసుపత్రి ఖర్చులు, రాత్రుళ్ళు కాపలా, అంతా ఆ అమ్మాయిలే. కొరివి పెట్టే వేళకి మాత్రం ఎక్కడో ఉన్న తమ్ముడి కొడుకుని పిలిపించారు. తిరిగొచ్చేటప్పుడు కారు నేను నడుపుతున్నా. పక్క సీట్లో బాపు చాలా మామూలుగా అన్నాడు - "మంచిగ జరిగింది. రేపు నాకు గూడ మీ చిన్నబాపు కొడుకే ఉన్నడు, రంది లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాను - "నేను పెద్దకొడుకునని అందరికీ చెప్తవు గద బాపూ?"

నవ్వాడు. "అది వేరు బిడ్డా, ఇది వేరు."

కోపంతో అన్న మాట కాదు. నన్ను తక్కువ చెయ్యాలనీ కాదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. లోనుకి నేను కొడుకుని, కొరివికి కూతుర్ని. చన్నీళ్ళు, వేణ్ణీళ్ళు. చెంబు మాత్రం నా చేతిలో లేదు.

అప్పుడు నాకు రుద్రదేవ మహారాజు అర్థమైంది. ఆ పేరు ఆవిడకి గౌరవంగా ఇచ్చారో, బరువుగా ఇచ్చారో నాకు తెలీదు, రెండూ అయ్యుండొచ్చు. కానీ "నువ్వు నాకు కొడుకువే" అనే పొగడ్తలో ఒక చిక్కుంది. కూతురిగా ఉంటే ఇది నీకు రాదు, కాబట్టి నిన్ను కాసేపు కొడుకుని చేస్తున్నాను అని దాని అర్థం. అరువిచ్చిన మాట ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. రన్మాకి ఈ బాధ లేదు. ఎన్ని నీళ్ళు పోసినా వాడి "ఒరె" వాడి దగ్గరే ఉంటుంది, ఎవరూ అరువిచ్చింది కాదు.

మల్కాపురం రాయి అందుకే నాకు బాగా నచ్చింది. అందులో రుద్రమ ఎవరి కొడుకూ కాదు. కూతురు. కూతురిగానే ఊరిని దానమిచ్చింది. ప్రసూతిశాలకి డబ్బు వచ్చింది. ఆ ఒక్క రాయి మీద మాట మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 760 ఏళ్ళ పైగా క్రితం ఒక నాన్నకి సాధ్యమైంది.

చివరగా ఇంకో రాయి. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అని ఒక ఊరు. అక్కడి శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమ, ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దానం చేశాడని అందులో ఉంది. అంబదేవుడి మీద యుద్ధంలోనే ఇద్దరూ పోయారని చరిత్రకారులు అనుకుంటారు. అప్పటికి రాజ్యమేలే వయసొచ్చిన మనవడున్నాడు, అంటే రుద్రమది చిన్న వయసేం కాదు. ఆ వయసులో యుద్ధభూమికి దగ్గర్లో పోయింది. ఆవిడ ఎప్పుడు పోయిందో మనకి చెప్పింది ఆస్థాన కవులూ కాదు, మనవడూ కాదు. ఒక మామూలు బంటు. ఆ ఏడు విరోధి నామ సంవత్సరం. అంటే ఆ నారదుడు కన్న కొడుకుల్లో ఒకడి పేరే!

వరంగల్‌లో పుట్టి పెరిగి, కోటకి వందసార్లు వెళ్ళి, తోరణాల కింద ఫోటోలు దిగినదాన్ని. చందుపట్ల మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. మొన్న ఫోన్లో బాపుతో అన్నాను, ఈసారి వచ్చినప్పుడు నకిరేకల్ దాకా పోదాం, ఒక రాయి చూసొద్దాం అని.

"రాయి సూడనీకి అంత దూరమా?" అన్నాడు. కాసేపాగి, "సరే తీ. కారు నువ్వే నడుపుతవు గద బిడ్డా" అన్నాడు.

నడుపుతా. దారిలో ఆయనకి మల్కాపురం రాయి సంగతి చెప్తా. గణపతిదేవుడు కొడుకు లేక కూతురికిచ్చాడని కాదు, అల్లుడుండీ కూతురికిచ్చాడని చెప్తా. కొరివి మాట నేను ఎత్తను. ఆయనే ఎత్తుతాడేమో చూద్దాం.

ఇంతకీ "రన్మా 1/2" చూడొచ్చా అంటే, చూడొచ్చు. పిల్లలు పడుకున్నాక చూడండి. పక్కన వేణ్ణీళ్ళ కెటిల్ పెట్టుకుంటే కాఫీకి పనికొస్తుంది, రాత్రి రెండు దాకా పడుకోరు కాబట్టి :)